బుధవారం బట్టలు

జమేదార్ సాబ్ పోయారు. మొన్న పొద్దున ఆయన మనవరాలు ఫోన్ చేసి, "తాత పోయిండు అంకుల్, నిద్రలనే" అని చెప్పింది. ఆ అమ్మాయి చిన్నప్పుడు ఒకరోజు నా కూతురి గౌను తొడుక్కుని నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిచింది. ఆ నడక ఆయన నడిపించిందే.

ఇరవై ఏళ్ల కిందటి మాట. నేను ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమస్తాను. ఒక బుధవారం బడి వదిలాక మా ఆవిడ పాపను నడిపించుకుని వస్తుంటే, చౌరస్తా గుంపులో చెయ్యి జారింది. పాపకు ఐదేళ్లు. ఫిర్యాదు నేనే రాశాను. ఒంటిమీద ఏమున్నాయో చెప్పవలసిన చోట "స్కూలు బట్టలు" అని మాత్రం రాశాను. ఇచ్చిన ఫోటోలో నీలం గౌను ఉంది.

శుక్రవారం పొద్దున, ఠాణాలో మా కేసు చూస్తున్న జమేదార్ సాబ్ ఇంటికి వచ్చారు. "చెల్లె, అదే దారిల, అదే టైముకు నడుద్దాం. మా మనవరాలు మీ పిల్లంతనే ఉంటది. చూసినోళ్లకు యాదికొస్తది" అన్నారు. మా ఆవిడ ఆ పిల్లకు గౌను తొడిగి, రెండు జడలు వేసి, బడి దగ్గర నుంచి నడిచింది. చౌరస్తాలో చెయ్యి వదలాలి. ఆమె వదల్లేకపోయింది. "నొస్తుంది ఆంటీ" అన్నది పిల్ల. సాబ్ వచ్చి ఒక్కొక్క వేలూ మెల్లగా విడిపించారు.

సాయంత్రానికి పదిమంది దాకా వచ్చి పాపను చూశామన్నారు. అందరూ నీలం గౌనే అన్నారు. మాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి వచ్చి ఆ గౌను మడతపెడుతూ మా ఆవిడ కూలబడిపోయింది. "బుధారం తెల్ల గౌను గదా" అన్నది. ఆ బడిలో బుధవారం తెల్లబట్టలు, మిగతా రోజులు నీలం. శుక్రవారం పొద్దున ఆమె చేతికి అలవాటుగా శుక్రవారం బట్టలే వచ్చాయి.

పరుగున ఠాణాకు పోయి సాబ్‌కు చెప్పాను, తిడతారనే అనుకున్నాను. ఆయన రాసుకున్న కాగితాలు తిరగేసి, "ఫికర్ చెయ్యకు తమ్మీ. నీలమన్నోళ్లంత ఇయ్యాల్టి పిల్లనే చూసిన్రు. ఒక ముసలామె మాత్రం నన్ను తిట్టింది. ఆమె దగ్గరికి పోదాం పా" అన్నారు.

ఆమె మొజంజాహీ మార్కెట్ దగ్గర జామపండ్లు అమ్మేది.

"మల్లొచ్చినవా? గీ పోరి కాదని చెప్తనే ఉన్న, ఇనకుంట పోతిరి. గా పోరికి తెల్లబట్టలుండె. పోలీసోళ్లకు రంగులు గుడ తెల్వదా?"

"తెల్వదమ్మా, నువ్వు చెప్పు" అంటూ ఆయన బుట్ట పక్కన గొంతుక్కూర్చున్నారు.

ఏడుస్తున్న పాపను, చాదర్‌ఘాట్‌లో ఉండే ఒక పనామె తన వెంట తీసుకుపోయిందట. ఇల్లు వెతుక్కుంటూ పోయాం. పాప చాప మీద జ్వరంతో పడుకుని ఉంది. ఠాణాకు పోతే తననే పట్టుకుంటారని ఆ పనామె భయపడింది. గోడకు ఆనుకుని నిలబడింది. సాబ్ గద్దించలేదు.

"జరానికి ఏం తాపినవ్?"

"జావ, సాబ్."

"మంచిపని చేసినవ్."

అట్లా నడిపిస్తే పిల్లలు దొరుకుతారా అని తరువాత ఒకసారి అడిగాను. "పిల్ల దొరకది తమ్మీ. మనం ఏం తప్పు చెప్పినమో గది దొరుకుతది. గది గుడ అన్నిసార్లు కాదు" అన్నారు. అంతకుముందు ఇంకొక పిల్ల కోసం మూడుసార్లు నడిపించారట. ఆ పిల్ల దొరకలేదు. రిటైరయ్యాక కూడా ఆ తల్లి ఇంటికి పోయి వచ్చేవారు. ఏం మాట్లాడతారు సాబ్ అంటే, "ఏముంటది, చాయ్ తాగొస్త" అనేవారు.

ఆ తల్లిని నేను మొదటిసారి చూసింది మొన్న ఆయన ఇంటి ముందే. నా కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"దొరికిన పిల్లవు నువ్వేనా?"

"ఔ అమ్మా."

"ఎన్నేండ్లు బిడ్డా?"

"ఇరవై ఐదు."

"మా దానికి ఇరవై ఎనిమిది" అన్నది ఆమె.

నా కూతురు జరిగి ఆమె పక్కన నిలబడింది. సాబ్‌ను తీసుకుపోతున్న బండి మలుపు తిరిగింది. అందరూ కదిలారు. వాళ్లిద్దరూ రోడ్డు వైపే చూస్తూ అక్కడే ఉన్నారు.