ఎరుపు వెలిసిన నీళ్లు

మర్రిగూడ వైపు ఒక పల్లెలో నేను బస్సు దిగేసరికి బావి దగ్గర ఆడవాళ్లు నీళ్లు చేదుతున్నారు. చప్పుడు విని అందరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. తలలు కాదు, భుజాలతో సహా మనుషులే నిలువునా తిరిగారు. పట్టపగలు నా ఒళ్లు జలదరించింది.

అవి అరవయ్యో దశకపు రోజులు. నేను హైదరాబాదులో రసాయనశాస్త్రంలో, బావినీళ్లలోని ఫ్లోరైడ్ మీద పరిశోధన చేస్తున్నాను. "నాలుగు బావుల నీళ్లు పట్టుకుని వచ్చెయ్. వానాకాలంలోపు థీసిస్ ఇవ్వకపోతే నీ సీటు ఇంకొకరిది" అని మా ఆచార్యులు ఖండితంగా చెప్పి పంపారు. ఆడపిల్లకు ఇంత చదువెందుకన్న ఇంట్లో ఆ సీటు కోసం ఎంత పోరానో నాకే తెలుసు.

గొర్లు కాసుకునే వాళ్లింట్లో దిగాను. ఆ ఇంటి అవ్వకు మెడా నడుమూ కొయ్యబారిపోయాయి. అప్పుడప్పుడే నడక నేర్చిన ఆమె మనుమరాలు మాత్రం ఏ చప్పుడైనా పిట్టలా మెడ తిప్పి చూసేది.

"దీని మెడ గిట్లనే తిరుగుతదా బిడ్డా, మా లెక్కనే అయితదా?" అని అడిగింది అవ్వ.

దాంతో నోరు జారాను. ఊరందరి నీళ్లూ చూస్తానన్నాను. థీసిస్‌లో దానికి చోటు లేదు, జీతమూ లేదు. తెల్లారేసరికి అరుగు నిండా సీసాలు. ఎవరు పెట్టారో కనిపించలేదు. గుర్తుకు ఒకదానికి గొంగడి పోగు, ఒకదానికి ఎర్ర గుడ్డపేలిక కట్టి ఉన్నాయి.

నీళ్లలో ఎర్రటి మందు కలిపి కాసేపు ఉంచాలి. మంచినీళ్లయితే ఎరుపు నిలుస్తుంది. ఎముకల్ని బిగదీసే ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంతగా వెలిసి పసుపుకు తిరుగుతుంది. జనం అరుగు ముందు బిగుసుకుని కూర్చునేవారు, కళ్లు మాత్రం గాజు గొట్టాల మీద కదిలేవి. పసుపు తేలగానే అందరూ కలిసి ఊపిరి వదిలేవారు. పాపం, భయం అనుకున్నాను. సాయంత్రానికి మిగిలిన నీళ్లతో సహా సీసాలు మాయమయ్యేవి, పొద్దున్నే ఇంకా ఎక్కువ వచ్చేవి. ఆచార్యుల దగ్గర్నుంచి కబురు మీద కబురు. ఇంకో వారం, ఇంకో వారం అనుకుంటూ ఉండిపోయాను.

చివరికి ఒక్క సీసాలో ఎరుపు నిలిచింది. ఊరికి దూరంగా చెల్కలో, అంటే మెట్టచేలో, ఉన్న పాత బావిదట. సంతోషం పట్టలేక మర్నాడు అక్కడికి పరుగెత్తాను. బావి నోటి నిండా అప్పుడే నరికిన పచ్చి తుమ్మకంప కొట్టి ఉంది. గట్టు మీద కోసిన నిమ్మకాయలు, పసుపు. కంప సందుల్లోంచి చూస్తే నిండుగా, తేటగా నీళ్లు. చుట్టూ మనిషి అలికిడి లేదు.

ఇంటికొచ్చేసరికి అవ్వ మనుమరాలికి సీసాతో నీళ్లు తాగిస్తోంది. నిన్న అన్నిటికంటే ముందు ఎరుపు వెలిసిన సీసా అది.

"నీ చేతిల ఎరుపు ఎట్ల పోయిందో చూసినం బిడ్డా. దిష్టి దిగింది" అంది నవ్వుతూ. "గా చెల్క బాయిదే దిగలే. గందుకే కంప కొట్టిన్రు."

పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీసే ఊరది; ఎరుపు పోతే నీళ్లకు పట్టిన దిష్టి పోయినట్టని వాళ్ల లెక్క. విషం ఎక్కువున్న నీళ్లనే ఏరి ఏరి పిల్లలకు పోస్తున్నారు.

అరిచాను. ఎరుపు ఉన్నవే మంచివని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.

"సదువుకున్నోళ్ల మాటలు ఉల్టా ఉంటయి" అన్నారు.

చెవిటివాని ముందు శంఖం ఊదడం మానేసి, చేతులు గీరుకుపోతున్నా కంప లాగేశాను. అందరూ చూస్తుండగా ఆ నీళ్లు తాగి, బిందె నెత్తిన పెట్టుకుని అవ్వ ఇంటికి తెచ్చాను. రోజూ అదే పని. దారి పొడుగునా మనుషులు నాతోపాటు నిలువునా తిరుగుతూ, నేనెప్పుడు కూలిపోతానా అని చూసేవారు. వానలు వచ్చి తగ్గాక ఒక పొద్దు నా వెనక అడుగుల చప్పుడైంది. అవ్వ, చంకలో తన బిందె. కొన్నాళ్లకు ఆ బాటంతా ఆడవాళ్లే.

హైదరాబాదు చేరేసరికి నా సీటులో ఇంకొకరున్నారు.

"ఇదంతా ఏ అధ్యాయంలో పెడతావమ్మా?" అన్నారు ఆచార్యులు, జాలిగానే.

నీళ్లు కొలిస్తే పరిశోధనట. ఆ నీళ్లు ఎవరి గొంతులోకి పోతున్నాయో చూడటం పనీపాటా లేనివాళ్ల వ్యవహారమట. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ సీటు మీద బెంగా పోలేదు.

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఆ ఊళ్లో బస్సు దిగాను. చెల్క బాటలో ఆడవాళ్లు బిందెలతో వస్తున్నారు. "అవ్వా!" అని కేకేశాను. అందరూ ఒక్కసారే నిలువునా నా వైపు తిరిగారు, మునుపటిలాగే. నా ఒళ్లు మళ్లీ జలదరించింది. వాళ్ల నడుమ బిందె ఎత్తుకున్న ఒక పిల్ల మాత్రం అడుగు ఆపకుండా, పిట్టలా మెడ ఒక్కటే తిప్పి, నన్ను చూసుకుంటూ నడిచిపోయింది.