శంఖాలు ఏరేసిన పల్లం

చర్చి బస్సు ఆ పాత వరి ఎస్టేటు ముందు ఆగేసరికి పదకొండయింది. వెర్డెల్‌కి అరవై తొమ్మిదేళ్లు. అమెరికాలోని చార్ల్‌స్టన్ ఊళ్లో ముప్పై ఏళ్లు బడిపిల్లలకు వండిపెట్టింది. గంట దూరం లేని ఈ చోటికి మాత్రం ఏనాడూ రాలేదు. ఇక్కడ బానిసగా పుట్టి, ఇక్కడే మట్టిలో కలిసిన హేగర్ ఆమె అమ్మమ్మకు తల్లి. ఆ సమాధి దగ్గర నిలబడి ఒక్క ప్రార్థన చెప్పుకోవాలి, అంతే.

"వదినా, దొరల మేడ ముందు ఫోటో దిగుదాం రా," అంది ఆడపడుచు లర్లీన్. "మనవాళ్లు ఎప్పుడూ దొడ్డిగుమ్మమే తొక్కారు. నేను ఆ మెట్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటా."

"నువ్వు కూర్చుంటే మెట్లు విరుగుతాయి. ముందు హేగర్‌ని చూడనీ."

అమ్మమ్మ చెప్పిన గుర్తులు ఆమెకు కంఠతా వచ్చు. నది వైపు దిగే పల్లం, రెండు ఓక్ చెట్ల నడుమ. రాయి ఉండదు. ఒక శంఖం, హేగర్ చివరగా అన్నం తిన్న నీలం పింగాణీ పళ్లెం పెంకులు ఉంటాయి. పళ్లెం పగలగొట్టి పెట్టకపోతే పోయిన మనిషి ఇంకొకరిని తోడు తీసుకుపోతుందని వాళ్ల నమ్మకం.

పల్లంలో ఓక్ చెట్లు పదకొండు ఉన్నాయి. వాటి కింద నేల కనబడకుండా ఎర్రటి అజేలియా పూలపొదలు విరగబూశాయి. ఎంత అందంగా ఉందో అనుకుంది వెర్డెల్. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది.

నెరిసిన గడ్డపు తోటమాలి హోయ్ట్ కొమ్మలు కత్తిరిస్తున్నాడు.

"ఇక్కడ శంఖాలూ పెంకులూ ఉండాలే బాబూ?"

"ఉండేవమ్మా, బోలెడు. షికారుకొచ్చినవాళ్లు పారేసిన చెత్తనుకుని పెంకులు పారబోశాను. శంఖాలు బాగున్నాయని ఫౌంటెన్ చుట్టూ పేర్చాను. ఇరవై ఏళ్లయింది."

"చెత్తా? అవి మావాళ్ల సమాధుల గుర్తులయ్యా!"

హోయ్ట్ చేతిలో కత్తెర ఆగిపోయింది. వాళ్లను ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్లాడు. నలభై దాకా శంఖాలు, కడిగినట్టు తెల్లగా, అన్నీ ఒకేలా ఉన్నాయి.

"ఇందులో మనది ఏది వదినా?" లర్లీన్ గొంతు తగ్గింది.

"తెలిస్తే నీకు చెప్పనా?"

ప్రార్థన ఇక్కడ చెప్పాలా, పల్లంలో చెప్పాలా? హేగర్ ఎక్కడుంది? వెర్డెల్ ఒక శంఖం ముట్టుకుంది, దాన్ని వదిలి పక్కది ముట్టుకుంది.

"అన్నీ ఇవాళే తిరిగి పెట్టేస్తానమ్మా," అన్నాడు హోయ్ట్, తోపుడు బండి తెచ్చి. "ఏది ఎక్కడో చూపించండి, చాలు."

వెర్డెల్ పల్లం వైపు చెయ్యెత్తింది. మూడో చెట్టు... కాదు, దాని అవతలిదేమో. ఎటు చూసినా పువ్వులే.

"అక్కడ," అంది. హోయ్ట్ బండి కదిలించాడు.

"కాదు, కాదు. ఉండు బాబూ," అంది, చెయ్యి దించకుండానే.