కళ్ళు మూసుకుని ఎన్నుకున్న పెద్ద

ఓట్లు వేసే పద్ధతి మార్చాలని ఈమధ్య మా ఇంట్లో కూడా ఒకటే వాదన. చీటీ మంచిదా, యంత్రం మంచిదా, మీట నొక్కితే ఎవరికి పడిందో ఎట్లా తెలుస్తుందని మనవళ్ళు కంచాల్లో అన్నం చల్లారబెట్టుకుని మరీ గొంతులు చించుకుంటారు. నన్ను మాత్రం ఒక్కరూ అడగరు. ముసలిదానికేం తెలుసనుకుంటారు కాబోలు. నేను మొదటిసారి ఓటేసిన నాటికి వీళ్ళ తాత తుంగభద్ర ఆనకట్ట పనిలో రాళ్ళు మోస్తున్నాడు. మా మీద ఇంకా నిజాం రాజ్యం నడుస్తోంది. ఆ ఒక్క ఎండాకాలంలోనే రెండుసార్లు ఓటేశాను నేను.

మాది మక్తల్ దగ్గర మెట్ట ఊరు. వాడలో సగం ఇళ్ళవాళ్ళం ఏసుప్రభువును నమ్ముకున్నాం, మిగతావాళ్ళు ఎల్లమ్మను కొలిచేవాళ్ళు. గుంటెడు భూమి ఎవరికీ లేదు. కోటలాంటి దొర గడీకి రోజూ మా వాడ నుంచి ఒక మనిషి వెట్టికి పోవాలి. పొద్దు పొడవక ముందే పోయి కొట్టాలు ఊడ్చి, నీళ్ళు తోడి, వడ్లు దంచి, చీకటి పడ్డాక ఇంటికి రావాలి. కూలి లేదు, అడగడానికి నోరూ లేదు. రేపు ఎవరింటి వంతో చెప్పేది మా వాడ పెద్ద. సాయంత్రం కర్ర తాటించుకుంటూ వచ్చి ఎవరి గుమ్మం ముందు ఆగితే మరునాడు ఆ ఇంటి మనిషి పోవాలి.

ఆ పెద్దను మేమే ఎన్నుకునేవాళ్ళం. నవ్వకండి, నిజమే. ఏటా జొన్న కోతలయ్యాక మగవాళ్ళంతా వాడ నడుమ చేరి, ఎవరు పెద్దగా ఉండాలనుకుంటే వాళ్ళ వెనుక పోయి నిలబడాలి. గడీ జవాను కట్టె పట్టుకుని చూస్తుండేవాడు. ఎన్నేళ్ళుగానో అందరూ ఒకే మనిషి వెనుక నిలబడుతూ వచ్చారు. ఎందుకు నిలబడరు? పక్కకు జరిగినవాడికి సరిగ్గా కూలి దొరికే రోజునే వెట్టి వంతు పడేది. ఆ పెద్ద సొంత అన్నదమ్ముల ఇళ్ళ ముందు మాత్రం ఆ కర్ర ఎప్పుడో గాని ఆగేది కాదు. అట్లాగని ఆయన రాక్షసుడేమీ కాదు. వంతు మనిషి పోని రోజున గడీలో వీపు మీద బండ పెట్టి ఎండలో వంచి నిలబెట్టేది ఆయననే. ఒకసారి అట్లా నిలబడి వచ్చి, నీళ్ళు తాగడానికి కూడా చేతులు లేవక వాకిట్లో కూర్చున్నాడు. మా అత్తే చెంబు నోటికి అందించింది.

ఆ ఏడు నాకు తొలి కాన్పు, ఆడపిల్ల. పుట్టింట్లో గింజలు నిండుకోవడంతో నెల తిరగ్గానే అత్తగారింటికి వచ్చేశాను. ఇంట్లో మొగుడు లేడు, మామ ఎప్పుడో పోయాడు. నేనూ అత్తా పిల్లా, అంతే. వచ్చిన వారంలోనే పెద్ద మా గుమ్మం ముందు ఆగాడు. నేను పోతానని అత్త కొంగు బిగించింది.

"నువ్వొద్దక్కా. ముసలోళ్ళను తోలితే గడీల నన్ను తిడుతుండ్రు. కోడల్ని తోలు" అన్నాడు.

పోయాను. పసిపిల్లను గడీ లోపలికి రానివ్వరు. మధ్యాహ్నానికల్లా పాలు చేపుకొచ్చి రవికె తడిసిపోయింది. రోకలి ఎత్తినప్పుడల్లా రొమ్ములు సలిపేవి. ఇంట్లో అత్త బెల్లం నీళ్ళలో గుడ్డపేలిక ముంచి పిల్ల నోట్లో పెడుతూ కూర్చుందట. చీకటి పడ్డాక నేను వచ్చేసరికి పిల్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు. రొమ్ము అందిస్తే పట్టుకోలేకపోయింది.

"ఇంకో నాలుగు వంతులు పడితే గీ పిల్ల మనకు దక్కదే" అంది అత్త. మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాదు.

ఆ మాట చెప్పులు కుట్టే మామ చెవిన పడింది. మా ఇంటి వెనుకే ఆయన ఇల్లు. అత్తను అక్కా అని పిలుస్తాడు, నా మొగుడికి మామ వరస; నేనూ మామా అనే పిలిచేదాన్ని. నలుగురిలో నోరెత్తని మనిషి ఆ రాత్రి వాడ నడుమ నిలబడి అన్నాడు: "నేను పెద్దనైతే బాలింతను గడీకి తోలను. ఆ ఇంట్ల ఇంకో మనిషుంటే ఆ మనిషి పోవాలె. ఎవ్వరు లేకుంటే నేను పోత."

అందరికీ నచ్చింది, ఆ ఏటి ఎన్నిక కూడా దగ్గరపడింది. కాని జవాను చూస్తుండగా ఆయన వెనుక నిలబడే మొనగాడెవడు? అప్పుడు ఆలోచన చెప్పింది మా పంతులు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, ఆదివారం ప్రార్థన చేయించే ఆ మనిషికి తన నీడను చూసినా భయమే. "ప్రార్థనల ఎట్లాగు కండ్లు మూసుకుంటం గదా. గట్లనే మూసుకొని చేతులెత్తుండ్రి. నేనొక్కన్నే కండ్లు తెరిచి లెక్కపెడత" అన్నాడు. ఎల్లమ్మను కొలిచేవాళ్ళు కూడా సరేనన్నారు. కళ్ళు మూసుకోవడానికి ఏ దేవుడైతేనేం?

ఇంటికి ఒక చెయ్యి అనుకున్నారు. అక్కడొక చిక్కు వచ్చింది. మగవాళ్ళలో చాలామంది ఆనకట్ట పనికి పోయి ఉన్నారు. ఆడవాళ్ళ చేతులు లెక్కలోకి ఎట్లా వస్తాయని పెద్దకు తమ్ముడైనవాడు గొణిగాడు. మా అత్త లేచింది.

"వెట్టికి మా చేతులు పనికొస్తయి గని గీడ పనికి రావా?"

ఆడవాళ్ళ చేతులూ లెక్కలో చేరాయి. మా ఇంటి చెయ్యి న్యాయంగా అత్తది. ఆమె మాత్రం నన్ను ముందుకు తోసి, "నీ పిల్ల పాణం మీది ముచ్చట, నువ్వే ఎత్తు" అంది. మేం ప్రార్థన చేసుకుంటున్నాం అనుకుని జవాను పంతులు బడి నడిపే కొట్టం బయట బీడీ కాలుస్తున్నాడు.

ముందు పాత పెద్దకు చేతులెత్తమన్నాడు పంతులు. కొట్టం నిశ్శబ్దంగా ఉంది. తర్వాత చెప్పులు కుట్టే మామకు ఎత్తమన్నాడు. నేను గబుక్కున చెయ్యెత్తాను. గలగలమంటూ మోత! కాన్పుకు ముందు మా అమ్మ రెండు చేతుల నిండా గాజులు తొడిగించింది. అన్ని గాజులు వాడలో ఇంకెవరికీ లేవు. నా వెనుక ఎవరివో నాలుగు గాజులు చిన్నగా మోగి, అంతలోనే చప్పున ఆగిపోయాయి. ఎత్తబోయిన చెయ్యిని ఎవరో దించేసుకున్నారు. ఆ తర్వాత ఇంకే గాజూ మోగలేదు. పంతులు లెక్కపెట్టి, పాత పెద్దే పెద్ద అన్నాడు.

మరునాటి సాయంత్రం కర్ర చప్పుడు మా గుమ్మం ముందు ఆగింది.

"మొన్ననే పోయొచ్చింది గదా తమ్మీ" అంది అత్త.

"దంచుడు పనున్నదక్కా. నీ కోడలి చేతులు మంచిగ లేస్తున్నయి గదా" అన్నాడు ఆయన.

మళ్ళీ పోయాను. ఆ రోజు రోకలి పోటు ఒక్కొక్కటీ ఎవరి నెత్తి మీద వేస్తున్నాననుకుని వేశానో చెప్పను, ప్రభువు క్షమించాలి. ఇంటికొచ్చేసరికి పిల్ల పెదవులు ఎండి ఉన్నాయి. ఆ రాత్రంతా ఒడిలో వేసుకుని, ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం ప్రార్థన ముగిసీ ముగియక ముందే అత్త నిలబడింది. "అందరు కండ్లు మూసిండ్రు గని చెవులు మూయలే. గది ఎన్నిక గాదు. మళ్ళ పెట్టాలె." పంతులు తల దించుకున్నాడు. పాత పెద్ద నవ్వాడు. ఆయనకేం ఫికర్? మా ఇంటికి జరిగింది వాడంతా చూసింది. "ఎన్నిసార్లన్న పెట్టుకోండ్రి. వచ్చే ఆదివారమే పెట్టుండ్రి" అన్నాడు.

వాగులో చెలిమ తవ్వి నీళ్ళు తోడుకునేటప్పుడు ఆడవాళ్ళ మధ్య ఇదే ముచ్చట. ఆ రోజు చెయ్యి దించేసుకున్నది తానేనని ఒకామె ఒప్పుకుని ఏడ్చింది. నాకు కోపం రాలేదు. ఆమెకూ ఇద్దరు పిల్లలు. ఇంకొకామె అంది, "గాజులు తీసి కూసుంటే సప్పుడే రాదు గదా."

మా అత్త కడవ దించేసింది. బోసి చేతులు రెండూ ఆమె ముఖం ముందు పెట్టింది. "సప్పుడు లేని చేతులు గిట్లుంటయి. సూడు. మంచిగున్నయా? మీ మొగోళ్ళు ఆడ బండల నడుమ పనిచేస్తుండ్రు. ఈడ మీరు గాజులు తీస్తరా?"

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. వాళ్ళకు భయపడి ఓటు మానాలి, భయపడి గాజులు తీయాలి, ఇంకా ఏమేం తీయాలి? "తీసేది లేదు, మోగనీ. ఒక్కదానివి మోగితే ఎవలవో ఎరుకైతది. అందరివి రెండుసార్లు మోగితే ఏం ఎరుకైతది?" అన్నాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం వాగంతా నవ్వులే.

ఆదివారం వచ్చింది. పాత పెద్దకు చేతులెత్తమన్నాడు పంతులు. ఆడవాళ్ళమంతా చేతులు ఒళ్ళోనే ఉంచుకుని గాజులు గలగలలాడించాం. పెళ్ళివారి ఇల్లే అనుకోవాలి. కళ్ళు గట్టిగా మూసుకున్నానని ఇప్పుడు అబద్ధమెందుకు, ఒక కన్ను కొంచెం తెరిచి చూశాను. పాత పెద్ద కళ్ళు మూసుకుని, గడ్డం నిమురుకుంటూ చిరునవ్వు నవ్వుతున్నాడు. రెండోసారి మామకు ఎత్తమన్నప్పుడు మళ్ళీ అంతే మోత. ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. ఈసారి మా చేతులన్నీ గాలిలో ఉన్నాయి. పంతులు వేలు వరసలన్నీ తిరిగి వచ్చింది. చెప్పులు కుట్టే మామ పెద్ద అయ్యాడు. మొదట ఏడ్చింది ఆయనే.

ఆ తర్వాత చాలా ఓట్లు వేశాను. చీటీ డబ్బాలో వేశాను, అట్ట చాటున నిలబడి మీట నొక్కాను. ఏది కొత్తగా వచ్చినా నేను చూసేది ఒకటే. అక్కడ ఓటేసే బీదమనిషి ఎవరికి భయపడుతున్నాడు, ఆ భయం ఏ సందులోంచి దూరుతోంది? మా పంతులు మంచి మనసుతోనే పద్ధతి మార్చాడు, కాని అందులో ఆడవాళ్ళు కూడా కూర్చుంటారన్న సంగతి ఆయనకు తోచలేదు. పద్ధతులు మార్చేవాళ్ళు ముందుగా మా బోటివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే బాగుంటుంది.

పెద్ద మారాడు గాని వెట్టి ఎక్కడికీ పోలేదు. వరసలు తిరిగి మా ఇంటి వంతు వచ్చింది. సాయంత్రం కొత్త పెద్ద మా గుమ్మం దాకా వచ్చి, తల వంచుకుని, ఆగకుండా పక్కింటి వైపు నడిచాడు. పక్కింట్లో మొగుడూ పెళ్ళాం ముందురోజే జ్వరం నుంచి తేరుకున్నారు.

"ఏం తమ్మీ, రేపు మా వంతు గదా?" అని అత్త గుమ్మంలోంచి కేకేసింది.

"బాలింత ఉన్నది గదక్కా ఇంట్ల."

"ఉన్నది. నేను గూడ బాలింతనేనా?"

చుట్టూ అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. "నిన్ను జూస్తే గడీల ఊకోరక్కా. ముసలోళ్ళెందుకని నన్ను కొడుతరు" అన్నాడు.

"కొడుతరు. గది ఎరుకయ్యే పెద్దవైనవు గదా. ఇయ్యాల మా ఇల్లు దాటిపోతే నీకు ఆ పాత పెద్దకు ఫరక్ ఏమున్నది?"

నేను లోపలి నుంచి వచ్చి, అత్తా నువ్వొద్దు, నేనే పోతానన్నాను. ఆమె వినిపించుకోలేదు.

మరునాడు పొద్దు పొడవక ముందే అత్త పోయింది. మామ కూడా వెంట పోయాడు, తిట్లకూ దెబ్బలకూ తానుంటానని. ఆ మధ్యాహ్నం పిల్ల నా రొమ్ము పట్టుకుని గుటకలు వేస్తూ తాగింది. పాలు దాని గడ్డం మీదుగా నా చేతి మీద కారాయి. ఇంటి నడుమ కూర్చుని, గడీ వైపు చెవి పెట్టి, తాగుతున్న పిల్లను చూస్తూ ఏడ్చాను. సంతోషమూ సిగ్గూ రెండూ ఒక్కసారే వచ్చాయి.

చీకటి పడ్డాక వచ్చింది అత్త. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, నడుము పట్టేసి గోడకు ఆనుకుని జారి కూర్చుంది. మామకు ఏమైందని అడిగాను. రెండు దెబ్బలు పడ్డయంది. నేను నీళ్ళు కాచి తెచ్చి ఆమె చేతులు పట్టుకోబోయాను. చేతులు వెనక్కు తీసుకుని, ఉయ్యాల వైపు చూసింది.

"తాగిందా?" అని అడిగింది.

"కడుపు నిండ తాగిందత్తా" అన్నాను.