కొండకు వీపు పెట్టిన ఇల్లు

తడి సిమెంటు వాసన తగిలితే చాలు, నాకు కాళ్ళ నొప్పులు మొదలవుతాయి. మొన్న ఆదివారం నా మనవరాలు, కొడుకు కూతురు, తాను కొనబోయే మొదటి ఇల్లు చూపిస్తానని తిరుపతిలో ఇంకా పూర్తికాని ఒక అపార్టుమెంటుకు నన్ను తీసుకుపోయింది. లిఫ్టు ఇంకా పెట్టలేదు. మెట్లెక్కి పైకి చేరేసరికి నా మోకాళ్ళు రెండూ నన్ను తిట్టిపోసినాయి. ఆ పిల్ల మాత్రం ఫోనులో దిక్సూచి పెట్టుకొని గదిగదికీ తిరుగుతూ, వంటిల్లు ఆగ్నేయంలో లేదే, ఈ కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదే అని సణుగుతూ ఉంది. చాలా కాలంగా ఇదే వరస, చూసిన ప్రతి ఇంటికీ ఒక వంక. వంకలు పెట్టడం మా వంశంలోనే ఉంది, పాపం దాన్ని అని ఏం లాభం. నేను ఒక సిమెంటు బస్తా మీద కూలబడి, ఆ పచ్చి వాసన పీలుస్తూ, మా నాయన వెంట ఇండ్లు చూడ్డానికి తిరిగిన రోజుల్లోకి పోయినాను.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరికేది కాదు, బియ్యానికి రేషను. మద్రాసు మీద బాంబులు పడతాయని పుకారు లేచి, అక్కడి జనం పెట్టేబేడా, పిల్లాజెల్లా వేసుకొని రైలెక్కి వచ్చేస్తే, తిరుపతిలో గొడ్లపాకలు కూడా అద్దెకు పోయిన కాలం. మేము గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక పెద్ద ఇంటి వెనక వాటాలో ఉండేవాళ్ళం, నాయన, అమ్మ, నాయన తల్లి అయిన మా అవ్వ, నేను. నాయన బళ్ళో తెలుగు అయ్యవారు. వాటా అంటే ఒక గది, దానికి అతికించినట్టు ఒక వంటిల్లు. బావి అందరిదీ, దొడ్డి అందరిదీ, ఒకరింట్లో పోపు వేస్తే నలుగురిళ్ళలో దగ్గు. తెల్లారకముందే బావి దగ్గర గిలకలు కిర్రుమనేవి, ఎవరి చేద ముందు అనే మాట మీద చిన్న చిన్న రుసరుసలు నడిచేవి, అమ్మ ఆ రుసరుసల మధ్యనుంచి తడి చీరతో బిందె మోసుకొచ్చి పొయ్యి ముట్టించేది.

అవ్వది చిన్న వయసులోనే పసుపు కుంకుమలు పోయిన బతుకు. కొన్నాళ్ళు అన్నదమ్ముల ఇండ్లలో, తర్వాత మాతోబాటు అద్దె వాటాల్లో, ఎప్పుడూ ఇంకొకరి పంచనే. మధ్యాహ్నం పూట చిటికెడు నస్యం పీల్చి, కొంగుతో ముక్కు తుడుచుకొని, గది గోడకు ఆనుకోబోయి ఆగిపోయేది. ఆమె తలకు రాసుకునే ఆముదం మరక గోడకు అంటుతుందని అద్దెకిచ్చిన ఇంటామె ఒకసారి అనిందట. అంతే, ఆ తర్వాత నడుం పడిపోతున్నా గోడకు ఆనుకునేది కాదు. "సచ్చేలోగా మన గోడకి ఆనుకోని కూసోవాలప్పా" అని నాయనతో అనేది. అడిగినట్టు కాదు, నిట్టూర్చినట్టు. నాయనకు ఆ మాట లోపల గుచ్చుకుంది. పాకాల దగ్గర మా ఊళ్ళో మిగిలిన మెట్టచేను అమ్మేసి, తన తల్లికి సొంత ఇల్లు కొంటానని బయల్దేరినాడు.

బయల్దేరడమంటే ఊరికే బయల్దేరడమా! మంచి శకునం కావాల. కన్నెపిల్ల నీళ్ళ చెంబుతో ఎదురొస్తే కార్యం జరుగుతుందని నమ్మకం కాబట్టి, నాయన నన్ను ఇత్తడి చెంబుతో వీధి చివరికి పంపించేవాడు. ఆయన గడప దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటే నేను అప్పుడే ఎక్కడినుంచో వస్తున్నట్టు నడిచి రావాల. నన్ను చూసి ఆయన, తనకేమీ తెలియనట్టు, సంతోషంగా గడప దాటేవాడు. దేవుణ్ణి మోసం చేస్తున్నామని నాకు భయం, ఆయనకు లేదు. ఇంకో సంగతి ఉంది, అది అప్పట్లో నాకు తోచలేదు. ముండమోసినామె ఎదురైతే అపశకునమని, నాయన కాలికి చెప్పులు తొడుక్కునే చప్పుడు వినగానే అవ్వ తనే వంటింట్లోకి పోయి తలుపు వెనక నిలబడేది. ఇల్లు వెతికేది ఆమె కోసరం, దాక్కునేదీ ఆమే.

ఎన్ని వీధులు తిరిగినామో! ఎండకాలం గంగ జాతరలో వేషాలు కట్టినవాళ్ళు చిందులు తొక్కుతూ పోతుంటే, అంబలి కాచిన కుండల వాసన, వేపాకుల వాసన, చెమట వాసన మధ్యనుంచి నాయన నా చెయ్యి పట్టుకొని లాక్కుపోయేవాడు. నాకు ఆ వేషాలు చూడాలని ప్రాణం కొట్టుకొనేది. నేరేడుపండ్ల కాలంలో గంప దగ్గర ఆగి దోసెడు కొనిచ్చేవాడు, నోరంతా ఊదారంగు చేసుకొని నేను కొత్త కొత్త ఇండ్ల నడవల్లో తొక్కుడు బిళ్ళ గీసుకొని ఒంటికాలి మీద గెంతుతుంటే, ఆయన తాడు పట్టుకొని గోడలు కొలిచేవాడు. ఆ కొలతను లెక్కగట్టి భాగిస్తే ఇంటికి ఆయం వస్తుంది. సింహమో ఏనుగో వస్తే మంచిది, గాడిదో కాకో వస్తే ఇల్లు పనికిరాదు. ఒక ఇంటికి గాడిద వచ్చింది. ఇంకోదానికి వీధి తిన్నగా వచ్చి వాకిట్లో పొడిచింది. ఇంకోదానికి బావి నైరుతిలో ఉంది. అన్నీ కుదిరిన ఒకానొక ఇంట్లో ఆయన అడుగు పెట్టగానే బల్లి పలికింది, అది కూడా పలకకూడని దిక్కున. సాయంత్రం ఇంటికొచ్చి ఆ వంకలన్నీ చెబుతుంటే అవ్వ నస్యం డబ్బీ మూసి, ఇంట్లో సింహం ఎందుకప్పా, పిల్లి ఉంటే చాలదా అనేది.

ఏ శాస్త్రంలోనూ లేని కోరిక కూడా ఆయనకొకటి ఉండేది. పొద్దున్నే అరుగు మీద కూచొని తలెత్తితే ఎదురుగా తిరుమల కొండ కనబడాల. ఊరికి కొండ ఉత్తరాన ఉంది, అంటే ఉత్తరం వాకిలి ఇల్లు కావాల, ముందు మిద్దె అడ్డం రాకూడదు. ఇవన్నీ కలిసొచ్చే ఇల్లు భూమ్మీద ఉంటుందా అని అమ్మ ముసిముసిగా నవ్వేది.

ఉండింది! కపిలతీర్థం పోయే దోవలో దొరికింది. ఆయం ఏనుగు, బావి ఈశాన్యం, బల్లి నోరు మూసుకొని కూచుంది, అరుగు మీద కూచుంటే కొండ కొండంతా ఒళ్ళో పడ్డట్టుండేది. నాయన ఆ అరుగు మీద కూచొని చాలాసేపు లేవలేదు. అయితే అది ఆషాఢం. ఆషాఢంలో ఇంటికి బయానా ఇవ్వకూడదని, శ్రావణం రానీ అని సిద్ధాంతి అన్నాడు, నాయన సరేనన్నాడు. శ్రావణం మొదటి శుక్రవారం నేను చెంబు పట్టుకొని యథాప్రకారం ఎదురు వచ్చినాను, ఇద్దరం పోయినాము. వాకిట్లో ఎద్దులబండి, బండి నిండా మద్రాసు సామాన్లు, అరుగు మీద ఎవరో పెద్దాయన కొండను చూసుకుంటూ కాఫీ తాగుతున్నాడు. వాళ్ళకు ఆషాఢం అడ్డం రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి నాయన చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూలబడినాడు.

భాద్రపదంలో అవ్వ మంచం పట్టింది. ఇంటామె చెడ్డది కాదు, చారు కాచి పంపించేది, కానీ ఒకరోజు బావి దగ్గర అమ్మను పక్కకు పిలిచి, ఏమీ అనుకోవద్దమ్మా అంటూనే అసలు మాట చెప్పింది. ముసలామెకు ఏదన్నా అయి, ఆ పూట ధనిష్ఠలాంటి నక్షత్రం ఉంటే, ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలి గదా, ఇందరు కాపురం ఉన్నాము, యాడికి పోయేదని ఆమె దిగులు. కాబట్టి వేరే ఎక్కడన్నా చూసుకోమంది. బావి మాటలు మా గది కిటికీలోకి బాగా వినబడతాయి. అమ్మ లోపలికొచ్చేసరికి అవ్వ మంచం మీద లేచి కూచొని ఉంది. జట్కా తెప్పించమంది. ఈసారి ఇల్లు తాను చూస్తానంది.

రైలుకట్ట అవతల అమ్మకానికి ఒక మట్టిగోడల ఇల్లుండేది. నాయన ఎప్పుడో చూసి, తాడు కూడా తియ్యకుండా వచ్చేసిన ఇల్లు. దక్షిణం వాకిలి. గోడ కడుపుతో ఉన్నట్టు ముందుకు ఉబ్బింది, ద్వారబంధం ఒక పక్కకు ఒరిగింది. వెనక గదికి కిటికీ అనేదే లేదు, అరుగు మీద కూచుంటే కొండ మన వీపు వెనక. కొండకు వీపు పెట్టి కూచున్న ఇల్లని నాయన దానికి పేరు పెట్టినాడు. అవ్వ పోనీయమన్నది ఆ ఇంటికే, దాని ముందు జట్కా ఆగింది. శకునానికి ఈసారి నేను చెంబు పట్టలేదు, నాయన గొంతు సవరించుకోలేదు. అవ్వ నా భుజం పట్టుకొని దిగి, అందరికంటే ముందు తానే గడప దాటి లోపలికి పోయింది. అమ్మ అయ్యో అన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ వెనక గదిలోకి పోయి, చేత్తో గోడ తడిమి, దానికి నిండుగా వీపు ఆనించి కూచుని కాళ్ళు చాపింది.

"నేనీడ్నే ఉంటా. మీరు పోయి సామాన్లు తెచ్చుకోండి."

"దచ్చిణం వాకిలమ్మా," అన్నాడు నాయన. "యముడి దిక్కు."

"ఆ దిక్కునుంచే గదప్పా నాకోసరం వచ్చేది. ఎతుక్కునే పని లేకుండా ఉంటాది." ఆమె నవ్వలేదు. "నీకు సరిపొయ్యే ఇల్లు దొరికేదాకా నేను ఉండలేనప్పా. ఇది నాకు సరిపోయిండాది."

నాయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు. ముహూర్తాలు లేని ఆ భాద్రపదంలోనే ఆ ఇల్లు కొని, పాలు పొంగించి చేరిపోయినాము.

ఇల్లు ఏమాత్రం తగ్గకుండా తన బుద్ధి చూపించింది. కార్తీకం వానలకు పైకప్పు కారితే, చెంబులు, తప్పేళ్ళు, చివరికి నా శకునం చెంబు కూడా గదుల్లో పరిచినాము, ఒక్కో గిన్నెలో ఒక్కో రాగంతో చినుకులు పడేవి, మడిబట్టలు ఆరక ముక్కిన వాసన కొట్టేవి. అవ్వ మాత్రం కోలుకుంది. ఎండ వస్తే అరుగు మీదికి చేరి, కూరలమ్మే వాళ్ళను మా ఇంటి ముందు గంప దించవే అని కేకేసి, ఏమీ కొనకుండా కబుర్లు చెప్పి పంపించేది. ధనుర్మాసంలో తెల్లవారుజామున అమ్మ చేసే మిరియాల పొంగలి నెయ్యి కారుతుంటే, ఆకులో ఇంత పెట్టించుకొని, గోడకు ఆనుకొని తినేది. గోడ మీద ఆమె తల ఆనేచోట గుండ్రంగా ఆముదం మరక పడింది. సున్నం కొట్టించినప్పుడు నాయన ఆ చోటు వదిలేయమన్నాడు.

మాఘమాసంలో ఒక పొద్దున అవ్వ లేవలేదు. సిద్ధాంతి పంచాంగం చూసి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ధనిష్ఠే. ఆ నక్షత్రంలో పోయిన మనిషిని వాకిట్లోంచి తీసుకుపోకూడదు, గోడ పగలగొట్టి ఆ దోవన తియ్యాల, ఆ తర్వాత ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాల అన్నాడు. నాయన ఎవరికీ చెప్పకుండా తనే గడ్డపార తెచ్చి, వెనక గదిలో ఉత్తరం గోడ మీద కొట్టినాడు. మట్టిగోడ, నాలుగు పోట్లకే ఒరిగింది. దుమ్ము అణిగేసరికి గదిలోకి వెలుతురు వచ్చి అవ్వ మొహం మీద పడింది. ఆ కంతలోంచి, బీడు భూముల మీదుగా, అడ్డం ఏమీ లేకుండా, కొండ. నాయన గడ్డపార పట్టుకొని అట్లాగే నిలబడిపోయినాడు. నాకు అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. ఈ గోడ ముందే పగలగొట్టి ఉంటే అవ్వ కూడా చూసి ఉండునే అనిపించింది.

కర్మలు అయినాక బంధువులందరూ కూచొని, ఎక్కడికి మారుతున్నారని అడిగినారు. గాడిద ఆయానికి భయపడిన మనిషి, బల్లి పలికితే వెనక్కి తిరిగిన మనిషి, తలెత్తి చెప్పినాడు.

"మా అమ్మ కోసరం కొన్న ఇల్లు. ఆమె పోయిందని ఆమె ఇంటికే తాళం బెడతామా? మేం యాడికీ పోము."

కంత పూడ్చడానికి వచ్చిన మేస్త్రీని పూడ్చొద్దని చెప్పి, అక్కడ కిటికీ పెట్టించినాడు. ఆయన బతికినన్నాళ్ళూ పొద్దున్నే ఆ కిటికీ దగ్గర, అవ్వ తల మరక పక్కన కూచొని కాఫీ తాగినాడు. ఇంకో ఇల్లు వెతకలేదు.

ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, కిటికీ లేదు, మరక లేదు. ఆ చోట ఒక లాడ్జి లేచింది, దాని వెనక ఇంకొకటి, కొండ చూడాలంటే రోడ్డు మధ్యకు పోయి నిలబడాల. జట్కాలు పోయినాయి, కంతలు చేసుకోగలిగిన మట్టిగోడలూ పోయినాయి. మొన్న ఆ అపార్టుమెంటులో, కిటికీలోంచి ఏమీ కనబడదని మనవరాలు దిగులుపడుతుంటే, ఈ గోడ కొంచెం పగలగొట్టుకోవచ్చునా అని నేను ఇల్లు చూపించే అబ్బాయిని అడిగినాను. ఒక్క మేకు కొట్టాలన్నా సంఘం వాళ్ళను అడగాలి అవ్వా అని నవ్వినాడు.

మనవరాలు ఇంకో ఇల్లు చూద్దాం పద, లెయ్యి అవ్వా అనింది. నాకు లేవబుద్ధి కాలేదు. బస్తా మీదనుంచి కొంచెం వెనక్కి జరిగి, పచ్చి గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకున్నాను. చల్లగా ఉంది. చీర పాడవుతుందని ఆ పిల్ల గోల పెట్టింది. కానీయ్యమ్మా, మరక పడితే పడనీ అన్నాను. అది ఫోనులో దిక్సూచి ఆపేసి, తాను కూడా వచ్చి నా పక్కన గోడకు ఆనుకొని కూచుంది.