అచ్చు పడిందో లేదో

మా మాస్టారు పోయారు. శుక్రవారం పొద్దున్న ఆయన భార్య, పిన్నిగారు, ఫోన్ చేసి, "మీ మాస్టారు ఇంక లేరమ్మా" అని మాత్రమే అనగలిగారు. అప్పుడు నేను కొత్తపేట పెళ్లి వీడియో ఒకటి కంప్యూటర్లో ఎక్కించి, బొమ్మల పనంతా మోసే గ్రాఫిక్స్ కార్డు ఎంత వేడెక్కిందో తెర మీద చూస్తున్నాను. నలభై ఆరు డిగ్రీలు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ అంకె వంకే చూస్తూ కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచలేదు.

ఆయన బడిపంతులు కాదు. చాలా ఏళ్లు మస్కట్‌లో పెద్ద బిల్డింగుల ఏసీ ప్లాంట్లు చూసుకుని, తిరిగొచ్చి అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. దాని పక్కగదిలోనే నా పెళ్లి వీడియోల ఎడిటింగు. వీధిలో అందరూ మాస్టారంటే నేనూ అలాగే పిలిచాను. తీరా చూస్తే నాకు పనికొచ్చే పాఠం చెప్పింది ఆయనొక్కరే. అంతర్వేది వైపు నుంచి వచ్చిన కార్డుని మరలకి పట్టిన చిలుము చూసే పోల్చుకునేవారు. "ఉప్పుగాలి తినేసిందమ్మా, పాపం" అంటూ పసిపిల్లకి ముక్కు తుడిచినట్టు తుడిచేవారు.

ఓ వైశాఖంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ఆ ఉక్కలో కార్డు ఫ్యాన్లు చాలడం లేదని ఆన్‌లైన్‌లో వాటర్ బ్లాక్ తెప్పించి నేనే బిగించుకున్నాను. కార్డు మీద అమర్చే రాగి దిమ్మ అది. లోపల నీళ్లు తిరుగుతూ వేడిని లాక్కుపోతాయి. ఎనభై దాటే వేడి నలభై ఎనిమిదికి దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పదకొండో రోజున, సరిగ్గా తలంబ్రాల దగ్గర, తెర నల్లబడింది.

"నలభై ఎనిమిది దాటలేదు మాస్టారూ, ఒట్టు!" అన్నాను ఏడుపు మొహంతో.

"ఆ నలభై ఎనిమిదీ ఎవరిదమ్మా?"

"కార్డుదండీ."

"కార్డుది కాదు. మధ్యనున్న పెద్ద చిప్పుది. అది చెప్పుకోగలదు కాబట్టి చెప్పుకుంది. మిగతావాటి గతేంటి?"

బ్లాక్ ఊడదీశారు. చిప్పు చుట్టూ మెమరీ ముక్కలు, ఓ పక్కగా కరెంటుని సర్దే భాగాలు. వాటికీ రాగికీ మధ్య మెత్తటి ప్యాడ్లు ఉంటాయి. మెమరీ మీది ప్యాడ్లలో నలుచదరపు అచ్చులు లోతుగా దిగి ఉన్నాయి. కరెంటు భాగాల మీది ప్యాడ్ మాత్రం నున్నగా, కొన్ననాటిలాగే ఉంది. నేను పలచటిది వేశాను. రాగి దాన్ని తాకనే లేదు. దాని కిందున్న భాగం మాడిపోయింది.

"నీళ్లు ఎంత చల్లగా ఉంటే ఏం లాభం? తగిలినచోటే చల్లబడుద్ది. అన్నిటికీ తగిలే బ్లాకులూ ఉంటాయి, ఒక్క చిప్పుకే తగిలేవీ ఉంటాయి. అట్టపెట్టె మీద రాసింది నమ్మకమ్మా. బిగించు, మళ్లీ ఊడదియ్యి, అచ్చు చూడు. నడుస్తున్నప్పుడు కార్డు వీపు మీద చెయ్యి పెట్టు. వెనకాల ఏ నీళ్లూ ఉండవు."

ఆ తర్వాత ఏ కార్డుకి బ్లాక్ బిగించినా ఊడదీసి నన్ను పిలిచేవారు.

"అచ్చు పడిందా?"

"ఆయ్, పడిందండీ."

"అన్నిటికీనా?"

ఆ రెండో ప్రశ్నకి నేను మళ్లీ వంగి చూడాల్సి వచ్చేది. "బిగించింది ఊడదియ్యడమేంటండీ, చాదస్తం కాకపోతే!" అని విసుక్కునేదాన్ని. నవ్వేసేవారు.

ఇంత చెప్పిన మనిషి తన ఒంటి సంగతికొచ్చేసరికి ఒకే ఒక్క అంకెను నమ్ముకున్నారు. రోజూ టీకి ముందు వేలు గుచ్చుకుని, షుగర్ మిషను నా మొహం ముందు పెట్టి, "నూట పన్నెండమ్మా!" అనేవారు, మార్కులు చూపించే పిల్లాడిలా. "ఫస్టు క్లాసండీ" అనేదాన్ని. ఇద్దరం సంతోషంగా టీ తాగేవాళ్లం.

దీపావళి వెళ్లాక, కొట్టు ముందున్న మూడు మెట్లెక్కడానికి గోడ పట్టుకోవడం మొదలెట్టారు. ఏంటండీ అంటే, "ఎండమ్మా" అన్నారు. మార్గశిరంలో ఎండేమిటి? నేను అడగలేదు. ఓ రోజు గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొస్తే, పాదాల మీద పట్టీల అచ్చులు గుంటలు పడి ఉన్నాయి. టీ తాగడం అయ్యేదాకా అవి పోలేదు. ఈ కళ్లతోనే చూశాను. చూసి ఏం చేశాను? చెప్పులు బిగుతయ్యాయనుకుని, బజారుకెళ్లి ఒక సైజు పెద్దవి కొనుక్కొచ్చాను.

వేసుకుని నాలుగడుగులు నడిచారు. "హాయిగా ఉన్నాయమ్మా. నాకు తట్టనే లేదు చూడు" అన్నారు.

ఆ చెప్పులు కొన్న తొమ్మిదో రోజున, సోమవారం, కొట్టులోనే ఆయాసంతో కూలబడిపోతే పిన్నిగారూ నేనూ ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. కాళ్ల వాపు ఎన్నాళ్ల నుంచని డాక్టరుగారు అడిగారు. పిన్నిగారు నా వంక చూశారు. పగలంతా ఆయన ఉండేది నా కళ్లముందే కదా.

"షుగర్ నూట పన్నెండేనండీ" అన్నాను.

"నేనడిగింది షుగర్ గురించి కాదమ్మా" అన్నారాయన మెల్లగా.

గుండె ఎప్పటినుంచో నీరసించిపోతోందట. శుక్రవారం దాకా ఆసుపత్రిలోనే ఉన్నారు.

ఆయుష్షు అంతేనని వీధిలో వాళ్లు నన్ను ఓదారుస్తున్నారు. నాకు ఆ మాట ఎక్కడం లేదు. మాస్టారి మీద కోపంగా ఉంది, నా మీద అంతకంటే అసహ్యంగా ఉంది. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా కార్డులకే వాడాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన కాలి మీద వేలు పెట్టి నొక్కి చూసి ఉంటే?

నిన్న పిన్నిగారు ఎవరి కార్డులు వాళ్లకి ఇచ్చేద్దామని కొట్టు తెరిపించారు. బల్ల మీద ఆయన ఆఖరుసారి ఊడదీసిన బ్లాక్ అలాగే ఉంది. వంగి చూశాను. అన్ని ప్యాడ్లకీ అచ్చు పడింది. అన్నిటికీ. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.

ఆటో ఎక్కించిన హడావిడిలో ఆ కొత్త చెప్పులు గడప దగ్గరే ఉండిపోయాయి. పిన్నిగారికి ఇద్దామని తీసి దుమ్ము దులిపాను. తొమ్మిది రోజులే కదా వేసుకున్నది. అట్టలు నున్నగా, కొన్ననాటిలాగే ఉన్నాయి. వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాను. ఆయన పాదం అచ్చు ఎక్కడా పడలేదు.