నేపాల్ బార్డర్ల నాలుగో మనిషి

మా నేపాల్ టూర్ ఫోటోలు మీరందరు స్టేటస్‌ల చూసిండ్రు. మస్తున్నయి అని మెసేజులు గూడ పెట్టిండ్రు. కని వాపస్ వచ్చేటప్పటి ఫోటోల ఒక్కదాంట్ల గూడ కారు నేను నడుపుతున్నట్టు లేదు, ఎవరన్న గమనించిండ్రా? కోరుట్లల ఇన్నేండ్ల సంది డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నోణ్ని, నా కారుల నేనే ఎనుక సీట్ల కూసొని ఇంటికి వచ్చిన! ఎందుకో చెప్త. చాయ్ తాగుకుంట వినుండ్రి, కని మధ్యల నవ్వద్దు.

పోయింది ముగ్గురం. నేను, వెంకటేష్, రాజం. పదో తరగతి దాకా ఒకటే బెంచి. వెంకటేష్ ఇప్పుడు జగిత్యాలల సర్కారు బడిల సైన్స్ సారు. రాజం సిరిసిల్లల సాంచాలు నడుపుతడు. పొద్దంత ఆ మగ్గాల టకటక సప్పుడుల ఉండి ఉండి, పక్కన కూసున్నోనితోని గూడ ఊరంత వినబడేటట్టు మాట్లాడుతడు. వాని షెడ్డు గోడకు వాళ్ల నాయిన కాలం నాటి క్యాలెండర్ ఒకటున్నది. కింద తారీకులు ఎప్పుడో చినిగిపోయినయి, పైన మంచుకొండ బొమ్మ మాత్రం మిగిలింది. ఎండకాలం రేకుల కింద చెమటలు కారుకుంట ఆ కొండను చూసుడే వానికి ఏసీ.

"ఒక్కసారి గా కొండను కండ్లార చూడాలె ర" అని వాడు అనబట్టి ఎన్ని ఏండ్లయిందో. రెండుసార్లు ప్లాన్ చేసినం. ఒకసారి వెంకటేష్‌కు ఎలక్షన్ డ్యూటీ పడ్డది. ఇంకోసారి మా బామ్మర్ది పెండ్లి అని నేనే ఎగ్గొట్టిన. రెండుసార్లు గూడ రాజం పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండు, అనకపోయేసరికి నాకు ఇంక ఎక్కువ సిగ్గయింది. అందుకే ఈసారి దసరా సెలవులల్ల, ఏది ఏమైనా సరే, వానికి మంచుకొండ చూపెట్టాలె అనుకున్నం.

వాడు జగిత్యాలల టోపీ ఉన్న జర్కిన్ ఒకటి కొన్నడు. కోరుట్లల కారు ఎక్కేటప్పుడే తొడుక్కొని వచ్చిండు!

"అరేయ్, నేపాల్ దాకన్న ఆగు. ఇంకా మెట్‌పల్లి గూడ రాలే" అన్న.

"అలవాటు చేసుకుంటున్న ర" అన్నడు, చెమట తుడుసుకుంట.

అసలు కథ మా అమ్మతోని మొదలైంది. పొద్దుగాల బండి స్టార్ట్ చేసిన. అమ్మ వాకిట్ల అడ్డం వచ్చి నిలబడ్డది.

"ఎంతమంది పోతాండ్రు?"

"ముగ్గురం అమ్మ."

"ముగ్గురు పోతె పని అయితదా ఏడన్న? పిల్లను సూడవోతెనే ముగ్గురు పోరు. దేశంగాని దేశం ముగ్గురు ఎట్ల పోతరు కొడుకా?"

వెంకటేష్ ఊకుంటడా? సైన్స్ సారాయె. "అమ్మా, గివన్ని మూఢనమ్మకాలు. అంకెకు మంచి చెడు ఉండదు" అని క్లాసు మొదలుపెట్టిండు. అమ్మ వానితోని వాదం పెట్టుకోలేదు. పెరట్లకు పోయి, కొబ్బరికాయంత గుండ్రటి రాయి ఒకటి తెచ్చింది. కడిగింది, పసుపు రాసింది, బొట్టు పెట్టింది. తువ్వాల చుట్టి ఎనుక సీట్ల రాజం పక్కన కూసోపెట్టింది.

"ఇగో, గీయన నాలుగో మనిషి. తొవ్వల ఇడిసిపెట్టకుండ్రి. ఇగ పోండ్రి."

మన దిక్కు ఇది ఉన్నదే గదా. ముగ్గురు పోవాల్సి వస్తె ఒక రాయిని జేబుల వేసుకొని పోతం. మా అమ్మది పెద్ద మనసు, జేబుల పట్టని రాయి ఇచ్చింది. మెట్‌పల్లి దాటకముందే దానికి "బావ" అని పేరు పెట్టిండు రాజం. మూఢనమ్మకం అన్న వెంకటేషే ముందటి సీట్ల నుంచి ఎనుకకు వంగి బావకు సీటు బెల్టు పెట్టిండు.

అక్కడ్నుంచి ఆట మొదలైంది. దాబాల కాడ ఆగితె "చార్ చాయ్" అనాలె. నాలుగోది బావ పేరు మీద ముగ్గురం పంచుకోవాలె. బావను మర్చిపోయి ముగ్గురం అన్నోడు స్టీరింగ్ ఇడవాలె. ఈ రూలు పెట్టింది వెంకటేష్. నేను స్టీరింగ్ ఎవ్వనికి ఇయ్యనని వానికి ఎరుక.

నాగపూర్ కాడ నోరు జారి "తీన్ చాయ్" అన్న. పాయె! వెంకటేష్ నడుపుడు, నేను పక్కన కూసునుడు. వాడు నడుపుతుంటే నా కుడికాలు ఆగదు. లేని బ్రేకును తొక్కి తొక్కి పిక్కలు గుంజినయి. "గేరు మార్చు, గేరు మార్చు! అద్దం చూడు!" అని నేను.

"నేను నీ స్టూడెంట్‌ను గాదు ర" అని వాడు.

జబల్‌పూర్ దాటినంక మళ్ల ఒకసారి మర్చిపోయిన. మళ్ల అదే శిక్ష. గప్పుడే ఒట్టు పెట్టుకున్న. ఇగ నిద్రల లేపి అడిగినా "చార్" అనే అనాలె!

గోరఖ్‌పూర్ దాటి సోనౌలి బార్డర్‌కు చేరుకున్నం. స్టీరింగ్ నా చేతులనే ఉన్నది. మన బండి అవతల తిరగనీకి పర్మిట్, మా ముగ్గురి కార్డులు, అన్ని వెంకటేష్ చూసుకున్నడు. నేపాల్ దిక్కు ఆఖరు గేటు ఒక్కటే మిగిలింది. అది దాటితె అయిపాయె. రాజం అద్దం దించి తలకాయ బయటపెట్టి చూస్తున్నడు, కొండ ఇక్కడ్నుంచే కనబడుతదేమో అన్నట్టు.

గేటు కాడి పోలీసాయన వంగి అడిగిండు. "గాడీ మే కిత్నే ఆద్మీ?"

"చార్ సాబ్!"

ఎంత జోరుగ అన్ననంటే, అని వెంకటేష్ దిక్కు చూసి కాలర్ గూడ ఎగరేసిన. వాడు నా తొడ గిచ్చిండు. గప్పుడు సమజైంది, ఈయన దాబాల చాయ్ పోసేటాయన గాదని.

ఆయన లోపలికి చూసి లెక్క పెట్టిండు. "చౌథా కహా హై?"

తప్పయింది సాబ్, ముగ్గురమే అంటే అయిపోవు. నోరు ఊకోదు గదా! "పీఛే బైఠా హై సాబ్. హమారా జీజా" అన్న, ఎనుక మా బావ కూసున్నడని.

ఆయన ఎనుక డోరు తీసిండు. బెల్టు పెట్టుకొని కూసున్న తువ్వాలను చూసిండు. తువ్వాల ఇప్పిండు. పసుపు, కుంకుమ, గుండ్రటి నల్లరాయి. ఆయన మొఖం మారిపోయింది.

"ఏ తో మూర్తి హై! ఏ గుడిల నుంచి ఎత్తుకొచ్చిండ్రు?"

ఇగ చూడుండ్రి! నలుగురు పోలీసులు ఉరికొచ్చిండ్రు. కారు పక్కకు పెట్టిపిచ్చిండ్రు. సామానంత కింద పరిచిండ్రు. బియ్యం మూట, గ్యాసు స్టవ్వు, చికెన్ తొక్కు, డబ్బెడు సకినాలు, అన్ని రోడ్డు మీద. జనం చుట్టు మూగిండ్రు. వెంకటేష్ ముందుకొచ్చి, "సాబ్, ఇది మూర్తి గాదు. మామూలు గ్రానైట్. నేను సైన్స్ టీచర్‌ను" అని హిందీల చెప్పిండు.

"సైన్స్ టీచర్ రాయికి బొట్టు పెట్టి, బెల్టు పెట్టి తీసుకపోతడా?" అన్నడు ఆయన.

పెద్దసారు వచ్చినంక చూద్దాం, లేకుంటె వాపస్ పంపుడే అన్నరు. రాజం బియ్యం మూట మీద కూసొని జర్కిన్ జిప్పు పైకి కిందికి గుంజుతున్నడు, అంతే. వెయ్యిన్నర కిలోమీటర్లు వచ్చి, గేటు ముందట వాని కొండను నా నోటితోని నేనే ఆపిన.

పెద్దసారు వచ్చిండు. తెల్ల మీసాలు, పొట్ట. నాకు వచ్చిన హిందీ అంత కలిపి చెప్పిన. "సాబ్, తీన్ ఆద్మీ నై జానా బోల్కే అమ్మా బోలీ. ఇస్‌లియే పత్తర్ దియీ. పత్తరిచ్ చౌథా ఆద్మీ!"

ఆయన ఒక్క నిమిషం నన్ను చూసిండు, రాయిని చూసిండు. తర్వాత పొట్ట పట్టుకొని నవ్విండు. "తీన్ తిగాడా, కామ్ బిగాడా!"

ముగ్గురు కలిస్తె పని చెడుతది అని వాళ్ల దిక్కు గూడ సామెత ఉన్నదట. వాళ్లమ్మ గూడ ముగ్గుర్ని కలిసి గడప దాటనియ్యదట. "మాతాజీ సహీ బోలీ" అని మా అమ్మను మెచ్చుకొని, పోనియ్యుండ్రి అన్నడు. వెంకటేష్ సైన్స్ పని చెయ్యని కాడ మా అమ్మ రాయి పని చేసింది!

ఇగ ఎవ్వల తొందర వాళ్లది. ఎనుక లారీలు హారన్లు కొడుతున్నయి. పోలీసోళ్లే సామాను ఎత్తి ఎనుక సీట్ల కుప్పేసిండ్రు. బియ్యం మూట, దాని మీద బ్యాగు, బ్యాగు మీద బావ. రాజం ఉక్కపోతకు జర్కిన్ ఇప్పి ఆ కుప్ప మీద పడేసిండు. నేను డ్రైవర్ సీట్ల కూసొని అద్దంల చూసిన. టోపీ కప్పుకొని రాజం ఓ మూలకు ఒరిగి కూసున్నడు. కోపమొస్తె వాడు గట్లనే మొఖం కప్పుకుంటడు.

"అబ్ కిత్నే ఆద్మీ?" అన్నడు గేటాయన, నవ్వుకుంట.

"తీన్ సాబ్! పక్కా తీన్!" అని గేటు దాటించిన.

వెంకటేష్ ఎనుకకు తిరగనీకి గూడ భయపడి పర్మిట్ కాగితం చదువుతున్నడు, పరీక్ష ఉన్నట్టు. నాకు పాణం ఒప్పలేదు. అద్దంల ఆ టోపీని చూసుకుంట మొదలుపెట్టిన.

"రాజం, తప్పు నాదే ర. పోయినసారి గూడ పెండ్లి అని అబద్ధం చెప్పిన. పెండ్లి అయింది నిజమే, కని నేను రెండు రోజుల్ల తిరిగిరావచ్చు. బద్ధకమైంది. నువ్వు ఒక్క మాట గూడ అనలే. అనాలె ర, తిట్టాలె. నీ అసుంటి దోస్తు నాకు దొరకడు."

జవాబు లేదు. వెంకటేష్‌కు గూడ గుండె కరిగింది. ముందుకు చూసుకుంటనే, "నాది గూడ తప్పే రాజం. ఎలక్షన్ డ్యూటీ తప్పించుకునే తొవ్వ ఉండె, నేను అడగలే" అన్నడు.

అప్పుడు గూడ జవాబు లేదు. "ఒక్క మాటన్న మాట్లాడు ర" అని నేను ఎనుకకు తిరిగిన. ముందటి స్పీడ్ బ్రేకర్ చూసుకోలే. బండి ఎగిరి పడ్డది. రాజం తలకాయ ఊడి, సీటు మీద దొర్లి, కింద దబ్బుమని పడి, వెంకటేష్ కాలు కిందికి వచ్చింది!

వెంకటేష్ పెట్టిన బొబ్బకు రోడ్డు మీద మేకలు చెదిరిపోయినయి. నేను తొక్కిన బ్రేకు మా స్కూల్ల ఎవ్వనికి చూపెట్టలే. జర్కిన్ కింద బ్యాగున్నది, మూటున్నది. రాజం లేడు. వాని ఫోన్ గూడ జర్కిన్ జేబులనే ఉన్నది.

బండి తిప్పి ఉరికించిన. గేటు కాడ బెంచి మీద రాజం, పెద్దసారు పక్కపక్కన కూసున్నరు. రోడ్డు మీద మర్చిపోయిన మా సకినాల డబ్బ ఇద్దరి నడుమల ఉన్నది. వాడు మొఖం కడుక్కుందామని నల్ల కాడికి పోయి వచ్చేసరికి మేము లేమట.

పెద్దసారు సకినం కొరుక్కుంట అడిగిండు. "అబ్ కిత్నే?"

"దో సాబ్... ఔర్ ఏక్ పత్తర్" అన్న. నేల చీలితె అందుల దూరుదునని అనిపించింది.

రాజం వచ్చి చెయ్యి చాపిండు. కారు తాళం ఇచ్చిన. ఎనుకకు పోయి కూసున్న. కొంచెం దూరం పోయినంక, "రాజం, నీకు చెప్పాల్సిందంత పొరపాటున బావకు చెప్పిన. మళ్ల చెప్పాల్నా?" అన్న.

"బావ ఏమన్నడు?"

"ఏమనలే."

"నాది గూడ గదే అనుకో" అన్నడు. అప్పుడు నవ్విండు.

తెల్లారి పోఖరాల కొండ కనబడ్డది. ఎండ పడి మెల్లగ ఎర్రగైంది, తర్వాత తెల్లగ మెరిసింది. రాజం కదలలే. వాడు మెల్లగ మాట్లాడుడు నేను జన్మల వినలే. "మా నాయినకు గూడ చూపెట్టేదుండె ర" అన్నడు, మా ఇద్దరికే వినబడేటట్టు.

ఇగ వాపస్ వచ్చేటప్పుడు కోరుట్ల దాకా తాళం రాజం దగ్గర్నే. అప్పుడప్పుడు వెంకటేష్‌కు ఇచ్చిండు గని, నాకియ్యలే. ఆగిన కాడల్లా, బండి కదిలించే ముందు తలకాయలు ముట్టి లెక్కపెడతడు. తన తల ముట్టుకొని "ఒకటి" అంటడు. వెంకటేష్ తల మీద చెయ్యి పెట్టి "రెండు" అంటడు. నా కాడికి వచ్చేసరికి ఏలు మడిచి ఠక్కుఠక్కుమని కొట్టి, సప్పుడు విని, వెంకటేష్ దిక్కు తిరుగుతడు.

"ఇది రాయి ర. మూడో మనిషి ఏడి?"