నట్టు మీద ఎర్ర గీత

రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన రోజుల్లో మా వీధిలో తెలుగు పలచబడిపోయింది. ఉక్కు ప్లాంటులో నాతో పనిచేసిన వాళ్లు ముందస్తు రిటైర్మెంటు తీసుకుని విజయనగరం, శ్రీకాకుళం వైపు సామాన్లు కట్టేశారు. నేనూ తీసుకున్నాను గాని, అప్పటికే మా ఆవిడ పోయింది, ఊళ్లో నాకోసం ఎదురుచూసే వాళ్లెవరూ లేరు. అందుకని సెక్టర్ ఆరు క్వార్టర్లోనే ఉండిపోయాను. కూతురు రాయపూర్ నుంచి ఫోన్ చేస్తే హిందీలో మొదలెట్టి హిందీలోనే పెట్టేసేది. "ఖానా ఖాయా పాపా?" అని, తిన్నానో లేదో అడిగితే "ఖాయా" అనేవాణ్ణి. కొన్ని రోజులు పాలవాడితో తప్ప ఇంకెవరితోనూ మాట ఉండేది కాదు. ఒంటరితనానికి నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. దేనిమీదో తెలియని కోపం.

అలాంటప్పుడు పక్క క్వార్టరాయన, పార్కులో ఉద్యోగి, వచ్చి అక్కడి చెరువులో తిప్పే లాంచీ స్టార్టు కావడం లేదన్నాడు. ఆ రోజు సోమవారం, పార్కుకి వారపు సెలవు. మర్నాడు బడిపిల్లలు వస్తారట. క్రేన్లు బాగుచేసిన చేతులకి లాంచీ ఎంతలే అనుకుని మీటరు సంచీలో వేసుకుని సైకిలెక్కాను.

లాంచీ నడిపే అతను నాకన్నా బాగా చిన్నవాడు. "భయ్యా, దోనోం బ్యాటరీ నయీ హై" అన్నాడు, రెండు బ్యాటరీలూ కొత్తవేనని. ఒకటి ఇంజను తిప్పడానికి, రెండోది లైట్లకీ మైకుకీ. ఏది కావాలంటే దానికి మార్చుకోడానికి ఓ స్విచ్చు. దేని మీద పెట్టినా "టక్" మని ఊరుకుంటోంది. మీటరు పెడితే రెండూ పన్నెండున్నర ఓల్టులు చూపించాయి. ఊరికే కూర్చున్న బ్యాటరీ ఎప్పుడూ కులాసాగానే ఉన్నానంటుంది. బరువు పడ్డప్పుడు అడగాలి. రెండిటికీ ఒకే జబ్బంటే అది బ్యాటరీల్లో లేదు, రెండిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన ఇంజను ఇనుము మీద ఆనించి, తాళం తిప్పమన్నాను. దాదాపు సున్నా ఉండాల్సిన చోట రెండు ఓల్టులు దాటింది. ఇంజనుకి చేరాల్సిన బలం దారిలోనే పోతోందన్నమాట. ఒక్కో అతుకూ చూసుకుంటూ వెళ్తే, తీగని ఇంజనుకి బిగించిన చోట దొంగ దొరికాడు. నట్టు కింద పచ్చటి చిలుము.

అది చూడగానే అతను "దీని తస్సాదియ్యా! ఇక్కడున్నాదేటి!" అన్నాడు.

నా చేతిలో స్పానరు ఆగిపోయింది. "ఏ ఊరు నీది?" అన్నాను.

కళింగపట్నం వైపట. సముద్రం మీద పెరిగిన మనిషి, బావమరిది వెంట కాంట్రాక్టు పనికొచ్చి, పడవలు తెలుసు కనుక ఈ చెరువు పాలయ్యాడు. పెళ్లాం పిల్లలు అక్కడే. ఇతని బస ఒడ్డున రేకుల షెడ్డులో.

చిలుము రుద్ది, నట్టు బిగించాను. ప్లాంటు అలవాటు కొద్దీ నట్టు మీంచి కింది ఇనుము దాకా ఎర్రగా ఓ గీత గీశాను, కూతురు వదిలేసి వెళ్తే సంచీలో పడేసుకున్న గోళ్లరంగుతో. నట్టు కదిలితే గీత తెగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ మధ్యాహ్నం షెడ్డులో నెత్తళ్ల ఎండుచేపల కూర తిన్నాను. ఆ వాసనకి ఇరుగుపొరుగు కిటికీలు మూసేస్తారని ఇంట్లో ఎప్పుడో మానేశాం. పొద్దువాలే దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. తిరిగొచ్చి తాళం తీస్తుంటే ఇల్లు మునుపటికన్నా ఖాళీగా ఉంది. మళ్లీ వెళ్లాలని ప్రాణం లాగింది గాని, పిలవని పేరంటానికి పోవడం నావల్ల కాలేదు.

రెండు వారాలయ్యాక, సోమవారమే, మళ్లీ కబురు. అదే జబ్బు. వెళ్లి చూస్తే గీత రెండు ముక్కలై ఉంది. నట్టు మీది ముక్క ఒక పక్కకి, ఇనుము మీది ముక్క ఇంకో పక్కకి. అదురుకి దానంతటదే వదులైన నట్టుకి మూలలు మెరవవు. నేను బిగించినప్పటి మెరుపు ఈపాటికి మాసిపోవాలి, దీని మూలలకి స్పానరు కొత్తగా గీసుకున్న మెరుపుంది. తలెత్తి చూశాను. అతను నీళ్లకేసి చూస్తున్నాడు. షెడ్డు ముందు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, పక్కన రెండు కంచాలు కడిగి బోర్లించి ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లలెక్కే లాంచీరా ఇది! నడి చెరువులో ఇంజనాగితే మళ్లీ అందుకుంటుందా?"

"సోమారం ఎవులూ ఎక్కరు కదన్నియ్యా" అన్నాడు నెమ్మదిగా. "ఊరికే రమ్మంటే నువ్వు వత్తావో రావో అని."

కోపం ఎటు పోయిందో తెలీదు. అన్నాళ్లూ రాని ఏడుపొచ్చింది. రెండు వారాలుగా నేను చేయలేకపోయిన పని ఇతను ఒక్క స్పానరుతో చేశాడు. నట్టు బిగించాను. పాత గీత గీకేసి కొత్తది గీశాను. "ఈ గీత తెగిందా, మళ్లీ నీ మొహం చూడను. తెగకపోతే ప్రతి సోమవారం వస్తాను" అన్నాను.

తర్వాతి సోమవారం నేను సైకిలుకి స్టాండు వేసేలోపే చెయ్యి పట్టుకుని లాంచీలోకి లాక్కెళ్లాడు. ఇంజను మూత ఎత్తి, లోపలికి టార్చి వేశాడు.

"సూడన్నియ్యా" అన్నాడు, "గీత అలగే ఉన్నాది."